గుఱ్ఱపు పందెము - గెలుపు లెక్క



ముప్పదియైదేండ్లు బడిలో పిల్లలకు తెలుగు వ్యాకరణమును, లెక్కల మాస్టరు సెలవు పెట్టిన దినములలో లెక్కలను చెప్పినవాడను నేను. అట్టివాడు గుఱ్ఱపు పందెములను గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోచవచ్చును. నాకును వింతగానే యున్నది. దీనికొక కారణము కలదు. దానిని ముందుగా మనవి చేసికొందును.

నా చెల్లెలి కుమారుడు నగరములో ఉద్యోగము చేయుచున్నాడు. బుద్ధిమంతుడే. నాలుగేండ్ల నుండి వానికి రేసుల మీద మోజు కలిగినది. క్రిందటి సంవత్సరము వాడు తల్లి కడకు వచ్చి, కాలువ క్రింద నున్న రెండెకరముల పొలమును అమ్మి ధనమిమ్మని అడిగినాడు. పొలము తల్లి పేర నున్నది. "ఇది జూదము కాదమ్మా, విద్య. సుప్రీంకోర్టే చెప్పినది" అని వాని వాదము. చెల్లెలు నాకు కబురు పంపి, "అన్నయ్యా, నాకు గుఱ్ఱము సంగతి తెలియదు, కోర్టు సంగతి తెలియదు. నీవు పోయి చూచి రమ్ము. వ్రాలు చేయుమంటివా చేసెదను, వలదంటివా మానెదను" అన్నది.

కోర్టు మాట అబద్ధము కాదు. 1996లో మదరాసు రేసు క్లబ్బునకు సంబంధించిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు, గుఱ్ఱపు పందెములో అదృష్టము కంటె నైపుణ్యమే ప్రధానమని తీర్పు చెప్పినది. అంతకు పూర్వము 1967లో, ఆంధ్రప్రదేశము నుండి పోయిన యొక వ్యాజ్యమున, రమ్మీ పేకాటను గూర్చియు ఇట్టి మాటయే చెప్పియుండెను. కాని విద్య కలదనుట వేఱు. ఆ విద్య మనవానికి వచ్చుననుట వేఱు. వచ్చినను అది అన్నము పెట్టుననుట మఱియు వేఱు. ఈ మూటిని విడదీసి చూతమని బయలుదేరితిని.

మన పల్లెలలో బండలాగుడు పందెముల నెఱుగని పెద్దలుండరు. గిత్తలను బరిలోనికి తోలుకొని వచ్చుచుండగనే మూపురము, గిట్ట, నడక చూచి, "ఈ జత నాలుగవ చుట్టున నిలిచిపోవును" అని చెప్పగలవారిని నేనెఱుగుదును. గుఱ్ఱపు పందెగాడు చేయదలచినదియు ఇదియే. ఈ పందెములు మనకు నిన్నమొన్న వచ్చినవి కావు. హైదరాబాదులో 1868లో మౌలాలి వద్ద మొదలై, 1886లో ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున మలక్‌పేటకు మాఱినవి. నేను చెప్పునది చదును పందెము. ఇందు కంచెలు, కందకములు దాటుట లేదు. పచ్చిక మీద 1000 మీటర్లు మొదలుకొని 2400 మీటర్లు, అంతకు మించియు పరుగుండును. 1200 మీటర్ల పందెము నిమిషమున్నర లోపలనే ముగియును. ఆ నిమిషమున్నర కొఱకు మనుష్యులు వారము దినములు ఆలోచించుచుందురు.

మైదానములో అడుగిడగానే మేనల్లుడు నా చేతికి రేసు పుస్తకము నిచ్చినాడు. పంచాంగము చూచుట యెఱిగినవానికి అది కష్టము కాదు. ప్రతి గుఱ్ఱమునకును పేరు, వయస్సు, తల్లిదండ్రులు, మోయవలసిన బరువు, బయలుదేరు గేటు సంఖ్య, స్వారి చేయు జాకీ, శిక్షణ నిచ్చినవాడు, వెనుకటి పందెములలో వచ్చిన స్థానములు - అన్నియు వరుసగా నుండును. తల్లిదండ్రుల విషయమున వీరి పట్టింపు మన గోత్రప్రవరలకు తీసిపోదు. ఈ పందెములలో పరుగెత్తు జాతి గుఱ్ఱములన్నియు మగవైపున ఇంగ్లండునకు తూర్పు దేశముల నుండి తెచ్చిన మూడు గుఱ్ఱముల సంతతియే.

పందెమునకు ముందు గుఱ్ఱములను ప్యాడాక్ అను ఆవరణములో త్రిప్పుదురు. మన పెద్దలు అశ్వశాస్త్రమును శాలిహోత్రుని పేర చెప్పుదురు. నకులుని పేరను ఒక గ్రంథమున్నది. తెలుగున మనుమంచి భట్టు అశ్వలక్షణములను పద్యములలో వ్రాసినాడు. ఆ సంస్కారము చేత నేను గుఱ్ఱపు నుదుటను, ఱొమ్మునను సుడులు వెదకుచుంటిని. మేనల్లుడు నవ్వి, "మామయ్య గారూ, సుడులు గెలువవు. వెనుక కాలు చూడుడు" అన్నాడు. నడచునపుడు వెనుక గిట్ట, ముందు గిట్ట మోపిన గుర్తును దాటి పడవలెనట. వెండ్రుక నిగనిగలాడవలెను. డొక్క మఱీ లోనికి పీకికొని పోరాదు. తొడల నడుమ నురుగు వంటి చెమట కనబడినచో, ఆ గుఱ్ఱము పరుగునకు ముందే బలమును ఖర్చు పెట్టుచున్నదని గ్రహింపవలెను. ఇది నాకు నచ్చినది. శాస్త్రమును నేను గౌరవింతును. కాని కండ్ల యెదుట నున్న కాలిని విడిచి సుడిని పట్టుకొనుట శాస్త్రకారుని అభిప్రాయము కాదని నా నమ్మకము.

ఇక బరువు సంగతి. ఇందే ఈ విద్య యొక్క ముడి యంతయు నున్నది. మన బడిలో పరుగు పందెము పెట్టినచో బలవంతుడు గెలుచును, చూచువారికి సందేహముండదు. సందేహము లేనిచోట పందెము కాయువాడుండడు. కనుక పందెములలో పెక్కింటిని హాండికాప్ అను పద్ధతిలో నడుపుదురు. హాండికాపర్ అను అధికారి ప్రతి గుఱ్ఱమునకును వెనుకటి పరుగులను బట్టి ఒక అంకె నిచ్చును. ఆ అంకె పెరిగిన కొలది గుఱ్ఱము మోయవలసిన బరువు పెరుగును; మన దేశమున ఒక్కొక్క అంకెకు అర కిలో. జాకీ తేలికవాడైనచో జీను క్రింద సీసపు పలకలు పెట్టి తూకము సరిచేయుదురు. మైలు పందెమున ఒక కిలో బరువు, ఇంచుమించు ఒక గుఱ్ఱపు నిడివికి సరియని వారి లెక్క. అనగా పది కిలోలు తేడా యున్నచో, మంచి గుఱ్ఱమునకును మధ్యరకమునకును నడుమ పది గుఱ్ఱముల నిడివి చెఱిపివేయబడుచున్నదన్నమాట. లేత వయస్సు గుఱ్ఱములకు బరువు తగ్గించు పట్టికను పందొమ్మిదవ శతాబ్దిలో అడ్మిరల్ రౌస్ అను ఆంగ్లేయుడు ఏర్పరచినాడు.

దీని భావమేమి? గుఱ్ఱములన్నియు ఒక్కసారిగా గమ్యమును చేరవలెనని నిపుణుడొకడు జీతము తీసికొని, సంవత్సరము పొడవునను పని చేయుచున్నాడు. మనము అతడు పొరపడిన చోటును వెదకవలెను. మన నైపుణ్యము గుఱ్ఱము మీద కాదు, ఆతని మీద.

అతడు పొరపడు చోట్లు లేకపోలేదు. క్రిందటి పందెమున అయిదవదిగా వచ్చిన గుఱ్ఱమును జనులు విడిచిపెట్టుదురు. కాని అది వెలుపలి గేటు నుండి బయలుదేరి, మలుపులో నలుగురిని చుట్టి, హెచ్చు దూరము పరుగెత్తి, కడపట మూడు నిడివుల తేడాతో అయిదవదైనచో, లోపలి కంచె ననుసరించి సుఖముగా వచ్చి గెలిచిన గుఱ్ఱము కంటె అదియే మేలైనది కావచ్చును. గెలిచినదానికి బరువు పెరుగును, దీనికి పెరుగదు. వర్షము కురిసి నేల మెత్తబడినచో కొన్ని గుఱ్ఱములకు కాలు సాగదు. కొన్నింటికి అదియే సుఖము. నేల మెత్తదనమును కొలుచుటకు ఇనుప కడ్డీ వంటి సాధనమున్నది. జాకీ, శిక్షకుల సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. పేరున్నవాడు ఎక్కిన గుఱ్ఱము మీదనే జనులందఱు పడుదురు.

ఇవన్నియు నా మేనల్లునికి బాగుగా తెలియును. నేను నిజముగా ఆశ్చర్యపడితిని. అప్పుడు నాకు అరణ్యపర్వములోని నలుని కథ జ్ఞప్తికి వచ్చినది. బాహుకుడై రథము తోలుచున్న నలునికి అశ్వహృదయము తెలియును. ఋతుపర్ణునికి అక్షహృదయము, సంఖ్యాశాస్త్రము తెలియును. దారిలో తాండ్రచెట్టును చూచి ఆకులెన్నో కాయలెన్నో ఋతుపర్ణుడు చెప్పగా, నలుడు రథము దిగి లెక్కించి సరియని తెలిసికొని, తన విద్య నిచ్చి ఆ విద్య పుచ్చుకొనెను. అప్పుడు గాని కలి అతనిని విడువలేదు. ఆ తాండ్రకాయలే ఆ కాలపు పాచికలు. గుఱ్ఱములను గూర్చి నలుని మించిన వాడెవడు? అయినను రాజ్యము పోగొట్టుకొన్న నాడు ఆ విద్య అతనికి అక్కఱకు రాలేదు. మావానికి ఒక విద్య యున్నది. రెండవది కలదా యని పరీక్షింపదలచితిని.

బుక్కీ యొద్ద ధరల పలక యుండును. అయిదు గుఱ్ఱముల పందెమనుకొనుడు. మొదటిదానికి రూపాయికి రూపాయి లాభము, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు, కడపటి రెంటికి తొమ్మిదేసి. ఒకడు ఏ గుఱ్ఱము గెలిచినను 300 రూపాయలు చేతికి రావలెనని అయిదింటి మీదను కాచినచో ఎంత పెట్టవలెను? మొదటిదాని మీద 150, రెండవదాని మీద 100, మూడవదాని మీద 60, తక్కిన రెంటి మీద 30 చొప్పున. కూడుడు - 370 అయినది. ఏది గెలిచినను వచ్చునది 300. గుఱ్ఱములు బయలుదేరక మునుపే 70 రూపాయలు పోయినవి. ధరలలో దాగియున్న భాగమిది. టోట్ అను పద్ధతి వేఱు. 1867 ప్రాంతమున పారిసు నగరములో జోసెఫ్ ఓలే అనువాడు దానిని మొదలుపెట్టినాడు. అందఱి ధనమును ఒక రాశిగా పోసి, నడుపువారి వాటాను ముందు తీసి, మిగిలినది గెలిచినవారికి పంచుదురు. అందును వాటా ముందే పోవును. ఇది చాలదన్నట్లు 2023 అక్టోబరు నుండి పందెపు పూర్తి మొత్తము మీద నూటికి 28 వంతున పన్ను విధించిరి. 2025 సెప్టెంబరులో అది 40 అయినది.

కావున "ఏ గుఱ్ఱము గెలుచును?" అనునది సగము ప్రశ్న. "దీని గెలుపునకు నూటికి ఎన్ని పాళ్లు అవకాశము? ధర అంతకు మించి యిచ్చుచున్నదా?" అనునది పూర్తి ప్రశ్న.

ఆ దినమున ఏడు పందెములు. ధనము పెట్టవలదని మేనల్లుని చేత మాట తీసికొని, ఒక నోటుబుక్కు కొని యిచ్చితిని. ప్రతి గుఱ్ఱమునకు ఎదురుగా దాని అవకాశమును నూటికింత యని పందెమునకు ముందే వ్రాయుమంటిని. మొదటి పందెమున తొమ్మిది గుఱ్ఱములు. వాడు చకచక వ్రాసినాడు. నేను కూడితిని, నూట అఱువదియైదు వచ్చినది. "నాయనా, నూఱు పాళ్ల పాలు పోసి నూట అఱువదియైదు పాళ్ల వెన్న తీయుచున్నావు" అన్నాను. వాని ముఖము చిన్నబోయినది. నాలుగేండ్లుగా రేసులాడుచున్నను, ఆ అంకెలను ఎన్నడును కూడి చూడలేదట. నచ్చిన ప్రతిదానికిని ఉదారముగా ముప్పదులు, నలువదులు ఇచ్చుచు వచ్చినాడు.

కడపటి పందెమున వాడు మెచ్చిన గుఱ్ఱమునకు నూటికి 25 అని వ్రాసినాడు. పలక మీద ధర రూపాయికి రెండు. అనగా ఆ ధర సరిపోవుటకే నూటికి 33 అవకాశము కావలెను. "నీ లెక్క ప్రకారమే ఇది నష్టపు బేరము" అన్నాను. ఆ గుఱ్ఱమే గెలిచినది! వాడు కోపముతో, "చూచితిరా మామయ్య గారూ, మీ లెక్కను నమ్ముకొన్నచో పోగొట్టుకొందుము" అన్నాడు. చుట్టుప్రక్కలవారు నన్ను జాలిగా చూచిరి. గెలిచిన బేరము కూడ తప్పు బేరము కావచ్చునని ఆ కోలాహలములో చెప్పుట నా వల్ల కాలేదు.

రాత్రి ఇంటి వద్ద కూర్చుండి లెక్క తీసితిమి. ఏడు పందెములలో వాడు ప్రథమముగా ఎన్నుకొన్నవి రెండు గెలిచినవి. పందెమునకు 100 చొప్పున 700 పెట్టియున్నచో, ఒకదానికి 250, ఆ కడపటిదానికి 300, వెరసి 550 వచ్చియుండెడిది. గుఱ్ఱములను అంత తెలిసినవానికి 150 నష్టము.

ఒక్క దినమును చూచి తీర్పు చెప్పరాదని నాకు తెలియును. ఒక్క వానను చూచి ఏరువాక సాగించువాడుండడు. జనులు అందఱు కలసి మూర్ఖులును కారు. ఎక్కువమంది మెచ్చిన గుఱ్ఱము ఇంచుమించు మూడింట ఒకసారి గెలుచుచునే యుండును. 1949లో గ్రిఫిత్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు లెక్కించి చూచి, గెలుపు దుర్లభమైన గుఱ్ఱముల మీద జనులు మితిమీఱి ధనము పెట్టుదురని చూపినాడు. ఆశకు ధర యెక్కువ. హాంగ్‌కాంగులో విలియం బెంటర్ అనునతడు కంప్యూటరు సాయమున ఈ విద్యను నిజముగా సాధించి అపారముగా ధనమార్జించెను. 1994లో అతడు ప్రకటించిన వ్యాసము ప్రకారము, తన లెక్కను జనుల ధరలతో కలిపి చూచినప్పుడే అది నిలిచినది. వెనుకటి పందెముల వివరములను రాశులుగా కూర్చుకొని, ప్రతి గుఱ్ఱమునకును అనేక విషయములను తూచి చూచి చేసిన పని యది. అతడు పొలమమ్మి ఒక్క పెట్టున పెట్టినవాడు కాడు. అవకాశమును బట్టి తన మూలధనములో కొద్ది భాగమునే పెట్టినవాడు.

మఱునాడు చెల్లెలి కడకు పోయి, "అమ్మా, వాడు చెప్పినది విద్యయే. వానికి అందు సగము వచ్చును. వ్రాలు చేయకుము" అన్నాను. ఆమె మఱి యేమియు నడుగక కాగితము మడిచి పెట్టెలో పెట్టినది. మేనల్లుడు రెండు నెలలు నాతో మాటలాడలేదు. సంక్రాంతికి కూడ ఊరికి రాలేదు. నా మూలముననే యని చెల్లెలు కన్నీరు పెట్టుకొన్నది. నేను సమాధానము చెప్పలేకపోయితిని.

క్రిందటి నెలలో టపాలో ఒక కట్ట వచ్చినది. విప్పి చూడగా ఆ నోటుబుక్కే. నూట పండ్రెండు పందెములు, ప్రతి గుఱ్ఱమునకు వాడు వేసిన అంకె, ప్రక్కన ధర, ఎఱ్ఱసిరాతో ఫలితము. ధనము పెట్టలేదని పైపుటలో వ్రాసి, "మామయ్య గారూ, కూడికలు సరిచూడుడు" అని క్రింద వ్రాసినాడు. నలువదవ పుట వఱకు చూచితిని. మూడు చోట్ల తక్క అన్నియు నూటికి సరిపోవుచున్నవి.