గోదావరి లోయ చచ్చిన లోయ కాదు
(ఏటపల్లిలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ స్మారకోపన్యాసం దివంగత మాస్టారి పేర జరుగుతోంది. ఆయన సంగతులు మీకు నాకన్నా బాగా తెలుసు కనుక ఒక్కటే చెబుతాను. ఆయన చొక్కా జేబు ఎప్పుడూ ఏరుకొచ్చిన రాళ్ళ బరువుకు సాగి వేలాడుతుండేది. అమ్మగారు ఎన్నిసార్లు కుట్టినా అది మళ్ళీ చినిగేది. ఆయన తలపుకొస్తే నాకు ముందు ఆ జేబే కనిపిస్తుంది. ఇక ఆ రాళ్ళ నేల విషయానికి వస్తాను.

భూమి పైపెంకు పలకలుగా చీలి ఉందని, అవి కదులుతుంటాయని ఇవాళ బడిపిల్లలకు కూడా తెలుసు. 1912లో వెగెనర్ ఖండాలు జరుగుతాయన్నాడు. ఆనాడు ఆయన్ని నమ్మినవాళ్ళు తక్కువ. 1960ల చివర్లో మెకెంజీ, మోర్గాన్, లె పిషాన్ దాన్ని లెక్కలకెక్కించారు. మన భారత పలక దక్షిణార్ధగోళం నుంచి బయలుదేరి ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా పరుగెత్తింది. సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట ఆసియాను ఢీకొని నెమ్మదించింది. ఇప్పటికీ ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతూనే ఉంది. ఇందులో నాకు ఎవరితోనూ తగాదా లేదు.

తగాదా మన కాళ్ళ కింది నేల గురించి. గడ్చిరోలి జిల్లాలోని ఈ ఏటపల్లి బస్తర్ క్రేటాన్ అనే అతి ప్రాచీన శిలాఖండం మీద ఉంది. ఇక్కడి సూర్జాగఢ్ ఇనుపరాయి ఏర్పడేనాటికి భూమ్మీద ఎముకలున్న ప్రాణి ఒక్కటీ లేదు. గోదావరి దాటి కరీంనగర్ వైపు వెళితే ధార్వార్ క్రేటాన్. ఈ రెంటి నడుమ చంద్రపూర్ నుంచి సిరొంచ మీదుగా సముద్రం దాకా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగిన పగులులోయ ఉంది. విలియం కింగ్ 1881లోనే దీని మీద పెద్ద గ్రంథం రాశాడు. నేల సాగి, కుంగి, ఆ గుంటలో కిలోమీటర్ల మందాన ఇసుక, బురద పేరుకున్నాయి. సింగరేణి బొగ్గు అందులోదే. సిరొంచ పక్కన పోచంపల్లి దగ్గర బయటపడి, 1975లో బరపాసారస్ అని పేరుపెట్టుకున్న రాక్షసబల్లి కూడా అందులోదే. 1988లో శాస్త్రవేత్త యాదగిరిగారు వర్ణించిన మరో రాక్షసబల్లి కోటసారస్‌కు సిరొంచ పక్కనున్న కోట ఊరి రాతిపొరే పేరిచ్చింది. ఈ ఎముకల మీద వేరే ఉపన్యాసమే కావాలి, కాబట్టి ఇక్కడ ఆపుతాను.

ఈ లోయ తెరుచుకోవడం ఆగిపోయి కోట్ల ఏళ్ళయింది, దానితోపాటు దాని కథా ముగిసింది అని మన పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. దక్కన్ స్థిరఖండం కనుక భూకంపాల గురించి ఆలోచించాల్సింది హిమాలయాల వాళ్ళే అని కూడా చెబుతూ వచ్చాయి. నేను ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఈ మాటతో పోట్లాడుతున్నాను.

తెరుచుకోవడం ఆగింది. అది నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆగింది సాగదీత ఒక్కటే. ఆసియాను నెడుతున్న మన పలక మీద ఇప్పుడు నొక్కుడు పనిచేస్తోంది. ద్వీపకల్పంలో ఆ ఒత్తిడి స్థూలంగా ఉత్తర, ఈశాన్య దిశల్లో ఉంది. లోయ వాయవ్య, ఆగ్నేయాలుగా పడుకుని ఉంది. అంటే ఆ నొక్కుడు లోయకు అడ్డంగానే పడుతోంది. ఎండిన టేకు దుంగను అదిమితే పాత నెర్రె దగ్గరే కదా చీలుతుంది! పలకల నడిబొడ్డున వచ్చే భూకంపాలు పాత బలహీన రేఖలనే వెతుక్కుంటాయని లిన్ సైక్స్ 1978లో సవివరంగా వాదించాడు. స్థిరఖండాల్లో పెద్ద భూకంపాలు ఎక్కువగా పాత పగులులోయల్లోనే వచ్చాయని 1990లో జాన్‌స్టన్, కాంటర్ చూపించారు. అమెరికాలో 1811-12 న్యూ మాడ్రిడ్ భూకంపాలు అలాంటి లోయలోవే. మన కచ్ కూడా పాత పగులులోయే. అక్కడ 1819లో ఒకసారి, 2001 జనవరి 26న మరోసారి నేల ఊగింది. నర్మద లోయలో 1997 మే 22న జబల్‌పూర్ కంపించింది.

“అవి వేరు, మన గోదావరి వేరు” అంటారు ప్రతివాదులు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చిన 5.7 తీవ్రత భూకంపం ఏ లోయది? 2024 డిసెంబరు 4న ఉదయం 7:27కు ములుగు దగ్గర 5.3 తీవ్రతతో కదిలి, గడ్చిరోలి నుంచి హైదరాబాద్ దాకా జనాన్ని వీధుల్లోకి రప్పించింది ఏ లోయ? ఆ భూకంపం లోతు 40 కిలోమీటర్లని జాతీయ భూకంప కేంద్రం ప్రకటించింది. అంత లోతున జరిగినదానికి పైనున్న వాగులూ గనులే కారణమని తోసెయ్యడం కుదరదు. జీపీఎస్ కొలతలతో గోదావరి లోయలో స్థానికంగా నేల వైకల్యం ఉందని చెప్పే పరిశోధన పత్రం 2012లో అచ్చయింది. దాన్ని చదివాక కూడా “కదలిక లేదు” అనేవారు తమ కొలతలేవో చూపించాలి.

“యాభై ఏళ్ళకొకటి వస్తే భయమెందుకు?” అన్నది వాళ్ళ మరో వాదన. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి భూకంపానికి కూలింది. దాదాపు 10,000 మంది పోయారు. అప్పటి భూకంప పటంలో ఆ ప్రాంతం అతి తక్కువ ప్రమాదమున్న ఒకటో మండలంలో ఉంది. తీవ్రత 6.2కు అటూఇటూ మాత్రమే. అక్కడ మనుషుల్ని చంపింది మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు. కొన్ని వందల ఏళ్ళలో ఒక్కసారి వచ్చినా ఆ ఒక్కసారికి గోడ సిద్ధంగా ఉండాలి. ఈ మాట నేను ఎన్ని సభల్లో చెప్పినా కోపం లేకుండా చెప్పలేకపోతున్నాను.

ఇక్కడి మాడియా గోండుల ఇళ్ళు చూడండి. కర్ర నిట్టాళ్ళు, వెదురు తడికె, పైన మట్టిపూత. తేలికైన ఇల్లు ఊగుతుంది గానీ మనిషి మీద కుప్పకూలదు. ఇప్పుడు వాటి స్థానంలో స్లాబులు వస్తున్నాయి. వద్దనను, రావాలి. కానీ మూలమూలకూ నిలువు కడ్డీ, గోడ చుట్టూ బీము పట్టీ లేకుండా లేస్తున్న గదులు ఏటపల్లి, ఆలపల్లి, అహేరి దారిపొడుగునా కనిపిస్తున్నాయి. బడి భవనాలకైనా ఈ జాగ్రత్త తప్పనిసరి చెయ్యాలి.

నేనిప్పుడు చేస్తున్న పని కూడా దీని గురించే. 2024 డిసెంబరు 4 ఉదయం ఏ ఊళ్ళో ఏం జరిగిందో పోగుచేస్తున్నాను. గిన్నెలు మోగాయా, గోడ బీటవారిందా, పశువులు బెదిరాయా, బావినీరు కలకబారిందా అని అడుగుతున్నాను. వీటిని ఊరూరా పటం మీదికి ఎక్కిస్తే ఊపు ఎక్కడ గట్టిగా తగిలిందో, ఎక్కడ నెమ్మదించిందో తెలుస్తుంది. లోయలోని మెత్తని పొరల మీద ఒకలా, ఏటపల్లి గట్టిరాయి మీద మరోలా ఊగిందా అన్నది నా ప్రశ్న. పరికరాలు దూరదూరంగా ఉన్నచోట మనుషుల జ్ఞాపకమే కొలత. సిరొంచలో ఒకటి, ఏటపల్లిలో ఒకటి కంపమాపకాలు శాశ్వతంగా పెట్టాలని కూడా ఈ వేదిక మీదనుంచి అడుగుతున్నాను.

ఉపాధ్యాయులకు నా విన్నపం ఇది. మీ తరగతి పిల్లల చేత ఇంట్లో పెద్దల్ని అడిగించి, తెలుగులోనో మరాఠీలోనో మాడియాలోనో, ఒక్కో ఊరికి ఒక్కో కాగితం రాయించండి. ఊరి పేరు, ఆ సమయంలో ఎక్కడున్నారు, ఏం కదిలింది అన్న మూడు సంగతులు చాలు. రాసిన కాగితాలు ఈ సభ నిర్వాహకులకు అందించండి. ఆ పటం అచ్చయ్యాక మొదటి ప్రతులు మీ బళ్ళకే వస్తాయి.