కావలి తుపాకీ: లైసెన్సు ఎవరికి, కేసు ఎవరి మీద



అడవి అంచు చేలల్లో పందుల కావలికి రాత్రంతా మంచె మీద ఉండేదెవరు? మనోళ్లే. చేను దొరది, తుపాకీ దొరది, లైసెన్సు దొరది. లైసెన్సులో పాలేరు పేరు ఎక్కించకుండా తుపాకీ అతని చేతికిచ్చి దొర ఇంట్లో పండుకుంటే, 1959 ఆయుధాల చట్టం కింద పాలేరు మీదా కేసే. ముందు జైలుకు పోయేదెవరో నేను చెప్పాల్నా?

ఇంకో సంగతి. దుప్పటి కింద దాగుతుందని గొట్టం కోయిస్తున్నోళ్లున్నారు. తుపాకీకి లైసెన్సున్నా సరే, గొట్టం పొట్టి చేయడానికి వేరే అనుమతి లేకుంటే 6వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత శిక్ష 7 ఏళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు.

మరి మనకు లైసెన్సు రాదా? ఎకరం అసైన్‌మెంటు చెలక ఉన్నోడు కూడా కలెక్టరుకు దరఖాస్తు పెట్టొచ్చు. పంట కాపలాకు మూతిలోంచి మందు దట్టించే తుపాకీ, రక్షణకైతే 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం తుపాకీ అడగవచ్చని 13వ సెక్షన్. "నీకేం ఆస్తి ఉందిరా?" అని గుమాస్తా వెక్కిరిస్తే 14(2) చూపించండి. ఆస్తి చాలదన్న ఒక్క సాకుతో కాదనకూడదు.

1995 అట్రాసిటీ నిబంధనల్లో 3వది ఇంకా ముందుకు పోయింది. దాడుల భయమున్న చోట పైకులాల లైసెన్సులు రద్దు చేసి, అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకు ఇవ్వమంది. ఈ మాట మన వాడకొచ్చి ఏ అధికారి చెప్పిండు?

పందిని కాల్చడానికి మాత్రం 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి వేరే కావాలి. దరఖాస్తు తిప్పికొడితే కారణం రాసి ఇమ్మనండి. ఆ కాయితం పట్టుకొని 18వ సెక్షన్ అప్పీలుకు పోదాం.