షార్లెవ్వా సాక్షులు



ఇది మాస్టారి స్మారకోపన్యాసం. మాస్టారి జీవిత విశేషాలు ఆహ్వానపత్రం వెనక అచ్చయ్యాయి, అధ్యక్షులవారూ చెప్పారు. వాటిని మళ్లీ చెప్పను. నాకు తెలిసిన మాస్టారు వాదన తేలేదాకా ఎదుటివాణ్ణి లేవనివ్వని మనిషి. అమ్మగారు లోపలినుంచి పెసరట్లు పంపేవారు. అవి చల్లారిపోతున్నా ఆయన "ముందు జవాబు చెప్పు" అనేవారు. మా ఇద్దరి మధ్య తేలకుండా మిగిలిపోయిన వాదన ఒక్కటే. కెనడాలో షార్లెవ్వా అనే పార్లమెంటు నియోజకవర్గంలో 1876 జనవరిలో జరిగిన ఉప ఎన్నిక గురించి అది. ఆయన పేరు మీద జరిగే సభలో ఆయన్ని పొగిడి ఊరుకుంటే ఆయనకే నచ్చదు. అందుకని దాన్నే మీ ముందు పెడుతున్నాను.

షార్లెవ్వా క్యూబెక్ నగరానికి దిగువన, సెయింట్ లారెన్స్ నది ఉత్తరపు ఒడ్డున కొండల మధ్య ఉంది. బే-సెయింట్-పాల్, లా మాల్‌బే అక్కడి పెద్ద ఊళ్లు. జనం ఫ్రెంచి మాట్లాడే కాథలిక్కులు. 1867లో కెనడా ఏర్పడ్డప్పటినుంచీ ఆ పేరుతో నియోజకవర్గం ఉండేది. మధ్యలో కొంతకాలం సాగెనేతో కలిసింది, మళ్లీ విడిపోయింది, 2004లో కొత్త హద్దుల్లో కలిసిపోయింది. 1904లో నెగ్గిన రొడోల్ఫ్ ఫర్జే, 1917లో ఆయన స్థానంలోకి వచ్చిన అల్లుడు పియేర్-ఫ్రాన్స్వా కాస్‌గ్రెన్, స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడి 1942 ఉప ఎన్నికలో తానే నిలబడి ఓడిన తెరేజ్ కాస్‌గ్రెన్, 1988లో ఇక్కడినుంచి గెలిచిన ప్రధాని బ్రయన్ మల్‌రోనీ, 1993లో బ్లాక్ క్యూబెక్వా గెలుపు, ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. తెరేజ్ ఆ ఫర్జే కూతురే, ఆ కాస్‌గ్రెన్ భార్యే. తండ్రీ భర్తా గెలిచిన నేలమీద ఆమె ఓడిన తీరు మీద విడిగా ఒక ఉపన్యాసం ఎవరైనా ఇవ్వాలి. ఈ పూట నాది 1876.

కన్సర్వేటివ్ అభ్యర్థి హెక్టర్ లాంజెవిన్. కెనడా సమాఖ్య నిర్మాతల్లో ఒకరు, అన్న రిమూస్కీ బిషప్. లిబరల్ అభ్యర్థి పియేర్-అలెక్సీ ట్రాంబ్లే, భూములు కొలిచే సర్వేయరు. 1875 సెప్టెంబరులో క్యూబెక్ బిషప్పులందరూ కలిసి కాథలిక్ లిబరలిజాన్ని ఖండిస్తూ లేఖ విడుదల చేశారు. ఆ లేఖ చేతపట్టుకుని షార్లెవ్వా ఫాదరీలు ఆదివారం ప్రసంగాల్లో ట్రాంబ్లే పక్షానికి ఓటేస్తే మహాపాపమన్నారు. చర్చి సంస్కారాలు అందవేమోనన్న భయం ఊళ్లలో పాకింది. లాంజెవిన్ గెలిచాడు. ఓటర్లు కొందరు కోర్టుకెక్కారు. వాళ్ల తరఫున వాదించినవాడు ఫ్రాన్స్వా లాంజెలియే, లావల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర ఆచార్యుడు.

కింది కోర్టు న్యాయమూర్తి అడోల్ఫ్-బాజిల్ రూతియే పిటిషన్ కొట్టేశాడు. కెనడా జాతీయ గీతానికి 1880లో ఫ్రెంచి మాటలు రాసింది ఈయనే. చర్చి బోధనే రాజకీయాలకు దారి చూపాలన్న 1871 నాటి కాథలిక్ కార్యక్రమం వెనకున్నవాళ్లలో కూడా ఈయన ఉన్నాడు. వేదిక మీద ఫాదరీ చెప్పిన మాటను విచారించే అధికారం సివిల్ కోర్టుకు లేదన్నాడు. 1877 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగేసి ఎన్నిక రద్దు చేసింది. అప్పటికి ఆ కోర్టు పుట్టి రెండేళ్లు కూడా కాలేదు. సుప్రీంకోర్టు నివేదికల మొదటి సంపుటం 145వ పుటనుంచి ఆ తీర్పు ఉంది. ప్రధాన తీర్పు రాసిన జాన్-తొమా తాష్‌రో స్వయానా క్యూబెక్ ఆర్చిబిషప్‌కి అన్న. లాంజెవిన్ తాను ఫాదరీల అండతో నిలబడ్డానని సభల్లో చెప్పుకున్నాడు కాబట్టి వాళ్లు అతని ఏజెంట్లేనని కోర్టు తేల్చింది. మళ్లీ పోటీ చేయకుండా మాత్రం అతన్ని నిషేధించలేదు. ఉప ఎన్నిక మళ్లీ జరిగింది. అదే ఓటర్లు అదే లాంజెవిన్‌ని గెలిపించారు.

ఇక్కడే తగాదా. చరిత్ర రాసేవాళ్లలో ఒక వర్గం ఈ రెండో గెలుపు చూపించి, ఫాదరీల ప్రభావం లేదనడానికి ఇంతకంటే రుజువేం కావాలంటుంది. ఇంకో వర్గం, కోర్టు విడిపించినా జనం చెరనే కోరుకున్నారని జాలిపడుతుంది. ఇద్దరూ తప్పే. 1877 ఫలితాన్ని జనం తీర్పుగా పట్టుకునేవాళ్లు 1878నీ పట్టుకోవాలి. ఆ ఏడాది సాధారణ ఎన్నికల్లో ఆ షార్లెవ్వా రైతులే ట్రాంబ్లేని గెలిపించారు. లాంజెవిన్ అప్పటికి రిమూస్కీకి వెళ్లి, అన్నగారి డయోసిస్‌లోనే ఓడిపోయాడు. ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయన్న లెక్కలోంచి ఎవరు ఎందుకు వేశారన్నది రాదు. కోర్టు తేల్చాల్సింది రెండోదాన్ని.

ఇంకో అభ్యంతరం ఉంది. ఫాదరీల నోరు కట్టింది రోమ్ తప్ప కోర్టు కాదని. 1877లో పోపు ప్రతినిధిగా బిషప్ జార్జ్ కాన్రాయ్ వచ్చిన మాట, ఆ అక్టోబరులో బిషప్పులు ఫాదరీలకు హద్దులు గీసిన మాట నిజమే. ఆయన్ని రోమ్ ఎందుకు పంపాల్సి వచ్చింది? 1876 డిసెంబరులో క్యూబెక్‌లోనే బోనవెంచర్ ఎన్నికను ఫాదరీల ఒత్తిడి కారణంగానే ముగ్గురు న్యాయమూర్తులు రద్దు చేశారు. వెంటనే షార్లెవ్వా తీర్పు వచ్చింది. ఎన్నికల చట్టం మార్చాలని బిషప్పులు మార్చిలో ఉమ్మడి ప్రకటన చేశారు. లాంజెలియేని విశ్వవిద్యాలయం నుంచి తీసెయ్యాలని ఒత్తిడి వచ్చింది. ఇంత గొడవ లేకుండా కాన్రాయ్ ఓడ ఎక్కేవాడు కాదు. ఆ గొడవంతటికీ మూలం కోర్టు బోనులో నిలబడ్డ పల్లెటూరి మనుషులు.

ఆ సాక్షుల సంగతి మీదే నేను ఏళ్లుగా పట్టుబడుతున్నాను. 1874 చట్టంతో కెనడాలో రహస్య బ్యాలెట్ వచ్చింది. అంటే 1876లో షార్లెవ్వా రైతు తెర వెనక, ఎవరికీ కనపడకుండా ఓటేశాడు. భూస్వామి బెదిరింపుకీ మిల్లు యజమాని బెదిరింపుకీ ఆ తెర మందు. పాపం గురించి బెదిరిస్తే ఏ తెరా పనిచేయదు. నమ్మినవాడికి తెర వెనక కూడా దేవుడు చూస్తూనే ఉంటాడు. అందుకే ఆ భయం ఎంతో బయటివాళ్లు ఊహించి చెప్పలేరు, భయపడ్డ మనిషే చెప్పాలి. కొందరు చెప్పారు. ఏ ఫాదరీ దగ్గర ఈస్టరుకి పాపం ఒప్పుకోవాలో, రేపు తన చావుకి ఏ ఫాదరీ రావాలో, అతని మాటల గురించే కోర్టులో ప్రమాణం చేసి సాక్ష్యమిచ్చారు. తాష్‌రో తీర్పు నిలబడింది ఆ వాంగ్మూలాల మీదే. ఐర్లండులో 1872 గాల్వే ఎన్నికను ఇలాంటి కారణానికే రద్దు చేసిన జడ్జి కియో తీర్పు షార్లెవ్వాకి ఆదర్శమైందని అందరూ రాస్తారు. ఆ పూర్వతీర్పు ఎంత గొప్పదైనా సాక్షి లేకపోతే కాగితమే.

రూతియే అడిగిన ఒక ప్రశ్నను కూడా నేను కొట్టిపారెయ్యను. లిబరలిజం పాపమా కాదా అన్నది మత సిద్ధాంతం, దాన్ని కోర్టు ఎలా తేలుస్తుందన్నాడు. దానికి జవాబు సిద్ధాంతంలో వెతకనక్కర్లేదు. ఆ మాట విన్న మనిషి ఏమనుకున్నాడో విచారిస్తే చాలు. రూతియే ఆ విచారణకే తలుపు మూశాడు.

మాస్టారి వాదన దీనికి ఎదురు. మన చట్టం షార్లెవ్వాని దాటి ముందుకు పోయిందనేవారు. నిజానికి మన దగ్గర 1920లోనే భారత శిక్షాస్మృతిలో 171సి సెక్షన్ చేరింది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(2) సెక్షన్ అదే మాటను తీసుకుంది. దైవాగ్రహానికి గురవుతావని ఓటరును నమ్మించబోవడం అక్రమ ప్రభావమని అందులో నేరుగా ఉంది. రాందయాళ్, సంత్‌లాల్ కేసులో 1959లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. అప్పటి పంజాబ్‌లోని సిర్సా నియోజకవర్గంలో నామధారీ సిక్కుల గురువు తన అనుచరులకు ఫలానావారికే ఓటెయ్యమని హుకుం ఇచ్చాడు. ఏ ఓటరు నిజంగా భయపడ్డాడో రుజువు చేయనక్కర్లేదు, ఆ మాటకు అలా భయపెట్టే స్వభావం ఉంటే చాలని కోర్టు చెప్పింది. గురువు మీద శిష్యుడు కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన అవస్థ తప్పింది కదా అనేవారు మాస్టారు. పేదవాడి పక్షాన ఆయన పెట్టిన వాదన అది, దాన్ని తేలిగ్గా తీసుకోను.

కానీ దాని వెల ఏమిటి? స్వభావం చాలన్నాక పోస్టరు చాలు, ఉపన్యాసం రికార్డు చాలు, పోలీసు రిపోర్టు చాలు. భక్తుణ్ణి ఎవరూ పిలవరు. ఆయన భయపడ్డాడని మనమే తేల్చేస్తాం. భయపడలేదు, ఇష్టపడే వేశానని చెప్పే అవకాశం కూడా ఆయనకు ఇవ్వం. క్యూబెక్ రైతుకి దొరికిన ఆ బోను మన ఓటరుకి దొరకలేదు. స్వభావం ఆధారంగా తీర్పు చెప్పినా, ఓటరు వాంగ్మూలం వినడం చట్టప్రకారం తప్పనిసరి కావాలన్నది నా వాదన. సాక్షికి రక్షణ కావాలంటే పేరు గోప్యంగా ఉంచొచ్చు, ఇంకో జిల్లాలో వాంగ్మూలం తీసుకోవచ్చు. అందుకు దారులున్నాయి.

ప్రస్తుతం నేను చేస్తున్న పని ఇదే. 1952 ఎన్నికల తర్వాత ఎన్నికల పిటిషన్లు ట్రిబ్యునళ్ల ముందుకు వెళ్లేవి. 1966 సవరణతో అవి హైకోర్టులకు మారాయి. ట్రిబ్యునల్ తీర్పులు అచ్చులో దొరుకుతాయి. వాంగ్మూలాలు అచ్చుకాలేదు. తెలుగు జిల్లాల్లో మఠాధిపతి మాట, పీఠం మాట, చర్చి మాట, మసీదు మాట ఓటుకి ఎలా తగిలిందో ఆ ఓటరు నోట వినాలంటే వాంగ్మూలాల నకళ్లే దిక్కు. పిటిషన్ నడిపిన ప్లీడర్ల ఇళ్లలో ఆ నకళ్లు ఉంటాయి. ఈ సభలో ప్లీడర్ల కుటుంబాలవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. తాతగారి గుమాస్తా కట్టిన దస్తరాలు అటక మీద ఉంటే తూకానికి వేసెయ్యకండి. సాక్షి సంతకమో వేలిముద్రో ఉన్న ఒక్క కాగితమైనా చాలు. నాకు కబురు చేస్తే నేనే మీ ఇంటికి వస్తాను, అక్కడే కూర్చుని చదువుకుని, నకలు తీసుకుని, కట్ట మళ్లీ మీ చేతికే ఇస్తాను.