చలికాలమున ఉప్పునీటి చెరువు

(న్యూ టౌన్‌లో మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇటువంటి సభలలో సాహిత్యమును గూర్చియో సంగీతమును గూర్చియో మాట్లాడుట వాడుక. నేను ఉప్పునీటి చెరువును గూర్చి, అందునను చలికాలములో దానిని కాపాడుకొనుటను గూర్చి మాట్లాడెదనన్నప్పుడు కార్యదర్శిగారు ఒక్క క్షణము ఆలోచించి, "మంచిదేనండీ, కాని పిల్లలకు కూడ తెలిసేటట్లు చెప్పండి" అన్నారు. ఆ ఆజ్ఞను శిరసావహించి ప్రారంభించుచున్నాను.

ఈ విషయము మనకు దూరమైనది కాదు. మనమిప్పుడు కూర్చున్న ఈ ప్రాంతపు పల్లపు నేలలు ఒకప్పుడు ఉప్పునీటి రాజ్యములో భాగము. పొరుగుననున్న బిధాన్ నగరును నేటికిని సాల్ట్ లేక్ అనియే పిలుచుచున్నాము. విద్యాధరి నది మార్గమున సముద్రపు పోటు ఇక్కడి దాక వచ్చి, బయళ్ళలో ఉప్పునీటిని నింపి పోవుచుండెడిది. ఆ నీటిని గట్లతో నిలిపి చేపలు పెంచిన చెరువులకు బెంగాలీలు భేరీ అని పేరు పెట్టిరి. మన భాషలో భేరి యనగా మ్రోగునది. ఇక్కడి భేరీ మౌనముగా ఊరికి అన్నము పెట్టునది.

కాలక్రమమున విద్యాధరి పూడిపోయినది. నగరపు మురుగును మోయుటకు ఆ నది ఇక పనికిరాదని 1928లో తేల్చిరి. పోటునీరు రాక తగ్గినకొద్దీ భేరీల యజమానులు నగరపు మురుగునీటినే ఎండలో నిలవబెట్టి, దానితో మంచినీటి చేపలను పెంచ నేర్చుకొనిరి. 1962 నుండి హుగ్లీ నది ఒండ్రుతో కొంత భాగమును పూడ్చి బిధాన్ నగరు నిర్మించిరి. మిగిలిన తూర్పు కలకత్తా చిత్తడి నేలలలో సుమారు 12,500 హెక్టార్లు 2002లో రామ్‌సార్ జాబితాకు ఎక్కినవి. ఈ నేలల విలువను లోకమునకు చాటుటకై జీవితమును ధారపోసిన ధ్రువజ్యోతి ఘోష్ గారు 2018లో కీర్తిశేషులైనారు.

మన దాపున ఉప్పునీరు పోయినను, తూర్పునకు, ఆగ్నేయమునకు హారోవా, మినాఖాన్, సందేశ్‌ఖాలి వైపు పోయినచో ఉప్పు భేరీలు నేటికిని కానవచ్చును. అక్కడ పెంచునది ముఖ్యముగా బాగ్దా చింగ్రి, అనగా మన టైగర్ రొయ్య. దానితోపాటు భేట్కీ, అనగా మన పండుగప్ప, మరికొన్ని చేపలు పెరుగును.

ఇక చలి మాట. ఢిల్లీ నుండి బదిలీపై వచ్చిన మన మిత్రులు కలకత్తా చలిని చలి అని ఒప్పుకొనరు. రొయ్యనడిగినచో సమాధానము వేరుగా నుండును. దానికి హాయినిచ్చు నీరు 28 నుండి 32 డిగ్రీలది. ఇక్కడ జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత సగటున 14 డిగ్రీల దరిదాపులకు దిగును. లోతులేని చెరువులో నీరు 20 డిగ్రీల చాయలకు వచ్చినచో రొయ్య మేతను బాగుగా తగ్గించును, కదలిక మందగించును, పెరుగుదల నిలిచిపోవును. మనకు శాలువతో తీరిపోవు చలి దానికి ప్రాణసంకటము.

అట్టి చెరువును కాపాడుట ఎట్లు? చలిని ఆపుట ఎవరి తరము కాదు. చేయదగినది ఒక్కటే: మార్పు మెల్లగా వచ్చునట్లు చూచుట. తక్కిన ఉపాయములన్నియు ఇందులో ఇమిడినవే.

మొదటిది లోతు. ఎకరము విస్తీర్ణము, 1 మీటరు లోతు గల చెరువులో సుమారు 40 లక్షల లీటర్ల నీరుండును. అది 1 డిగ్రీ చల్లబడవలెనన్న 40 లక్షల కిలోకేలరీల వేడిని ఆకాశమునకు అప్పగించవలెను. లోతు రెట్టింపైనచో, అదే రాత్రి అంతే వేడిని దోచుకొనిపోయినను ఉష్ణోగ్రత సగమే పడిపోవును. కనుక చెరువంతయు లోతుగా త్రవ్వుటకు శక్తి లేకున్నను, ఒక ప్రక్కనైనను లోతైన కాలువ నుంచినచో జీవులకు తలదాచుకొను చోటుండును.

రెండవది ఉప్పునీటి స్వభావము. మంచినీరు 4 డిగ్రీల వద్ద మిక్కిలి బరువుగా నుండును. అందుచే శీతల దేశములలో మంచినీటి చెరువుపై మంచు కట్టినను అడుగున 4 డిగ్రీల నీరు నిలిచి చేపలను కాపాడును. లీటరుకు 35 గ్రాముల ఉప్పుగల సముద్రపు నీటికి ఈ వరము లేదు. అది సున్నకు దిగువ సుమారు 1.9 డిగ్రీల వద్ద గడ్డకట్టు వరకు బరువెక్కుచునే యుండును. చల్లబడిన నీరు దిగుచు, అడుగు నీరు పైకి వచ్చుచు, చెరువంతయు ఏకముగా చల్లబడును.

అయితే ఉప్పునీటిపై మంచినీటి పొర నిలిచినచో కథ మారును. తేలికైన పై నీరు దుప్పటివలె నుండి అడుగు వేడిని పోనీయదు. ట్రాన్సిల్వేనియాలోని మెద్వె సరస్సులో, 1.3 మీటర్ల లోతున వేసవి చివర 70 డిగ్రీల వేడి యున్నదని కలెచిన్స్కీ అను శాస్త్రజ్ఞుడు 1902లో వెల్లడించెను. మన దేశముననే, గుజరాతులోని భుజ్ వద్ద 6,000 చదరపు మీటర్ల ఉప్పుకొలను నిర్మించి, దాని అడుగు వేడితో ఒక పాలకేంద్రమునకు వేడినీరు సరఫరా చేసిరి. కాని రొయ్యల చెరువులో ఈ దుప్పటిని నమ్ముకొనరాదు. రెండు పొరలు కలియనిచో అడుగునకు ప్రాణవాయువు అందదు. రొయ్య బ్రతుకునది అడుగుననే. చలికాలమున అకాల వర్షము కురిసినప్పుడు తూము పై పలకలు తీసి మీది మంచినీటిని మెల్లగా పోనిచ్చుటలోని రహస్యమిదియే.

మూడవది మేత. చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువగా కరగును. సముద్రపు నీరు 30 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 6 మిల్లీగ్రాములు పట్టుకొనగా, 15 డిగ్రీల వద్ద 8 వరకు పట్టుకొనును. అందుచే చలిలో భయము గాలికి కాదు, మిగిలిపోయిన మేతకు. తినని మేత అడుగున కుళ్ళి, విషవాయువులను పుట్టించును. ఆకలి తగ్గిన ఇంటి పెద్దకు బలవంతముగా వడ్డించుట ఎంత అపచారమో, చలిలో చెరువునకు మామూలు మోతాదు వేయుట అంతటి అపచారము.

నాలుగవది ఉప్పు మోతాదు. ఇక్కడి శీతకాలము పొడికాలము. నీరు ఆవిరియగును, ఉప్పు ఆవిరి కాదు. మట్టము తగ్గినకొద్దీ నీరు చిక్కబడును. అప్పుడు కొత్త నీటిని ఒక్కసారిగా గాక, కొద్దికొద్దిగా పగటిపూట చేర్చవలెను.

ఇవన్నియు మనకంటె కఠినమైన చలిలో ఆచరించి చూపినవారు ఇటలీ దేశీయులు. వెనిస్ నగరము చెంత, మన పులికాటు వంటి ఉప్పునీటి సరస్సులో గట్లు కట్టి చేపలు పెంచు క్షేత్రములను వల్లె యందురు. అక్కడి జనవరి సగటు 3 డిగ్రీల దరిదాపు. శరత్కాలమున సరస్సు చల్లబడగానే, వారు తూము తెరచి వెచ్చని సముద్రపు నీటిని లోనికి వదలుదురు. ఆ వెచ్చదనమునకు చేపలు తామే ఎదురేగి వచ్చి తూము వద్ద బోనులో చేరును. పెద్దవానిని అమ్మి, చిన్నవానిని ఇరుకైన లోతైన కందకములలో విడుతురు. ఈ కందకములను ఈశాన్యపు గాలికి అడ్డముగా త్రవ్వుదురు, గాలి నీటిని చిలికి చల్లార్చకుండుటకు. వారు చలితో పోరాడరు. లోతు, తూము, గాలివాటు ఈ మూడింటిని ఎరిగి మసలుదురు.

మన సుందరవనముల రైతు మార్గము మరింత సులభమైనది. సంప్రదాయపు ఉప్పు భేరీని శీతకాలమున ఖాళీచేసి, అడుగును ఎండగట్టి, గట్లు మరమ్మతు చేసికొందురు. ఫిబ్రవరి ప్రాంతమున పౌర్ణమి, అమావాస్యల పెద్ద పోటుతో నింపుదురు. వర్షములు పడి ఉప్పు కడిగిపోయిన పిమ్మట చాలచోట్ల అదే నేలలో వరి నాటుదురు. చలిలో చెరువును కాపాడుటకు దానికి విశ్రాంతి నిచ్చుటయు ఒక మార్గమే.

తెలుగునాట ఈ విశ్రాంతి విలువ కష్టపడి తెలిసినది. నెల్లూరు మొదలుకొని గోదావరి జిల్లాల వరకు 1990 ప్రాంతమున రొయ్యల చెరువులు వెల్లువెత్తినవి. 1994–95లో తెల్లమచ్చల వ్యాధి వచ్చి పడినది. ఆ వైరస్సునకు వేడినీరు గిట్టదు. చల్లబడిన నీరు, పగటికి రాత్రికి పెనుతేడా దానికి అనుకూలము. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చిన పిదప సాగు మరల పుంజుకొన్నది; కాని చలికాలపు భయము పోలేదు. అప్పు తెచ్చి, ఏరేటర్లు అద్దెకు తీసికొని, పిల్లను వదలిన రైతునకు ఒక్క చలివారము పిల్లల చదువులను, ఆడబిడ్డ పెండ్లిని తారుమారు చేయగలదు. మన బంధువులలో అట్టివారు లేని కుటుంబము ఈ సభలో అరుదు. సెలవులకు ఊరికి పోయినప్పుడు, "మూడో పంట కూడ వేసెయ్యరాదా?" అని వారిని ఉత్సాహపరచుటకు ముందు, చెరువు లోతెంత, రాత్రి నీటి వేడి ఎంత అని అడుగుడు.

చివరగా మన పొరుగు మాట. ఈ నగరపు మురుగునీటి భేరీలలో ఏటేట ఒండ్రు చేరి లోతు తగ్గుచున్నది. లోతు తగ్గిన చెరువు చలికి ముందుగా లొంగునని ఇప్పుడు పిల్లలు కూడ చెప్పగలరు. ఈ చిత్తడి నేలల రక్షణకు 2006లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము శాసనము చేసినది. కాని పూడిక తీయువాడు, తూము చూచువాడు, ఆ నేలను ఇండ్ల స్థలముగా కొననివాడు లేనిచో శాసనము కాగితముగనే మిగులును. మనలో పలువురు ఇక్కడ ఇల్లు కొన తలపెట్టినవారు. కొనబోవు స్థలము ఆ హద్దులలోనిదేమో విచారించుట మన చేతనున్న పని. మన వంటింటికి వచ్చు చేప ఆ నీటిలోనిదే. మన స్నానపుగదుల నుండి పోవు నీటిని శుభ్రపరచునదియు ఆ భేరీయే.