అమ్మ ఎముకల ఇంజెక్షన్: మెడికేర్ ఎంత కడుతుంది, మనం ఎంత కట్టాలి?

అమెరికాలో అమ్మానాన్నల్ని దగ్గర పెట్టుకుని చూసుకుంటున్న వాళ్ల కోసం ఈ ఎపిసోడ్.

జనవరిలో మా అమ్మకి ప్రోలియా ఇంజెక్షన్ వేయించాం. తర్వాత 526 డాలర్ల బిల్లు వచ్చింది. అమ్మ దాన్ని వెంటనే రూపాయల్లోకి మార్చేసి, "నాకు నొప్పేం లేదు కదా నాన్నా, జులైలో ఇంకోటి వద్దులే" అంది. నిజం చెప్పాలంటే నేనూ ఒక్క క్షణం సరేలే అనుకున్నా. అది ఎంత పెద్ద తప్పయ్యేదో తర్వాత చెప్తాను. ముందు బిల్లు సంగతి చూద్దాం.

మెడికేర్ అంటే ఇక్కడ 65 దాటినవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. ఇక్కడ ఉద్యోగం చేయకపోయినా, గ్రీన్ కార్డుతో వరుసగా ఐదేళ్లు ఉన్న పెద్దవాళ్లు ప్రీమియం కట్టి చేరొచ్చు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి ఇది రాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంజెక్షన్ ఎవరు వేస్తున్నారు? క్లినిక్‌లో నర్సు వేస్తే అది పార్ట్ బి కిందికి వస్తుంది. ఆరు నెలలకోసారి వేసే ప్రోలియా, ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్, ఏడాదిపాటు నెలనెలా వేసే ఈవెనిటీ, ఇవన్నీ మామూలుగా అందులోవే. ఫోర్టియో, టిమ్లోస్ లాంటివి ఇంట్లో రోజూ మనమే పొడుచుకునే పెన్నులు. అవి మందుల షాపులో తీసుకునేవి కాబట్టి పార్ట్ డి. 2026లో పార్ట్ డి కింద కవరయ్యే మందులకి మన జేబులోంచి ఏడాదికి 2,100 డాలర్లు మించదు. ఒరిజినల్ మెడికేర్ పార్ట్ బికి మాత్రం అలాంటి హద్దు లేదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

మా బిల్లు లెక్క ఇదీ. ఇంజెక్షన్‌కి మెడికేర్ ఒప్పుకున్న ధర 1,500 డాలర్లు. 2026 పార్ట్ బి డెడక్టిబుల్ 283, అది ముందు మనదే. మిగిలిన 1,217లో 20 శాతం, అంటే 243. రెండూ కలిపితే 526. డెడక్టిబుల్ ఏడాదికి ఒక్కసారే కాబట్టి, ధర మారకపోతే జులైలో 300 సరిపోతుంది. అదే జనవరిలో అమ్మకి చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

ఈ 20 శాతాన్ని మెడిగ్యాప్ అనే అదనపు పాలసీ కడుతుంది. కానీ 65 దాటి పార్ట్ బి మొదలైన ఆరు నెలల్లో అయితేనే ఆరోగ్యం గురించి ఏమీ అడక్కుండా ఇస్తారు. ఆ తర్వాత చాలా రాష్ట్రాల్లో ఎముకల జబ్బు చూసి కాదనొచ్చు. మేం ఆ గడువు దాటేశాం, అప్పట్లో దాని పేరు కూడా తెలీదు. ప్రైవేటు కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ ప్లాన్ ఉంటే ఖర్చుకి ఏడాది పరిమితి ఉంటుంది. అయితే ముందే అనుమతి అడగొచ్చు, చవక మందు వాడి చూడమనొచ్చు కూడా. అపాయింట్‌మెంట్‌కి ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక మానేయడం సంగతి. ఎముకలు గుల్లబారినా నొప్పి తెలియదు, విరిగేదాకా. పైగా ప్రోలియా మధ్యలో ఆపితే, అది ఆపి ఉంచిన ఎముక అరుగుదల ఒక్కసారిగా ఊపందుకుంటుంది. వెన్నుపూసలు ఒకటికి రెండు విరిగిన కేసులున్నాయి. ఆపాల్సి వస్తే దాని బదులు వేరే మందు మొదలుపెట్టాలి, అదీ డాక్టర్ చెప్తేనే. ఖర్చే సమస్యైతే అదే మాట డాక్టర్‌తో అనండి, మొహమాటం వద్దు. 2025 జూన్ నుంచి ఇక్కడ ప్రోలియాకి బయోసిమిలర్లు వస్తున్నాయి. జోలెడ్రోనిక్ యాసిడ్ జెనెరిక్ ఇంకా చవక, కాకపోతే కిడ్నీలు బాగుండాలి.

ఇంకో మాట. మనవాళ్లు చలికాలం రాగానే హైదరాబాదో విజయవాడో వెళ్లి నెలల తరబడి ఉంటారు కదా, అక్కడ వేయించుకుంటే మెడికేర్ పైసా ఇవ్వదు. టికెట్ బుక్ చేసేముందు ఇంజెక్షన్ తేదీ చూడండి. మా అమ్మది నా ఫోన్ క్యాలెండర్‌లో ఉంది, జులై 14. ఆమె ఇంకా గొణుగుతూనే ఉంది, కానీ వస్తానంది.