సరుకుల బిల్లు చెప్పిన నిజం



సర్వీసంతా పద్దులు వేరుచేసిన నేను, ఇంట్లో మాత్రం సూపర్ మార్కెట్ బిల్లు మొత్తాన్ని 'సరుకులు' కిందే రాసేవాణ్ణి. నెలాఖరుకు దుబారా అంటూ మా ఆవిడ మీద విసుక్కునేవాణ్ణి.

మా మనవడు కంప్యూటర్లో గ్నూక్యాష్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టాడు. అందులో 'స్ప్లిట్' నొక్కితే ఒకే బిల్లును ఎన్ని పద్దులకైనా పంచవచ్చు. లెక్క కలవకపోతే తేడా 'ఇంబాలెన్స్' ఖాతాలో కనబడుతుంది.

ఆ నెల 2,400 రూపాయల బిల్లు విడదీశాను. బియ్యం, పప్పులు, నూనె 1,310. సబ్బులు వగైరా 250. నా జీడిపప్పు, బిస్కెట్లు 750. ఆవిడ తనకంటూ కొనుక్కున్నది తలనూనె సీసా ఒక్కటే, 90.

లెక్క కలిసింది. నాకే నోట మాట రాలేదు. ఆ రాత్రే ఆవిడకు క్షమాపణ చెప్పుకున్నాను.

మిత్రులారా, పద్దు విడదీయకుండా నింద వేయకండి. సెలవు.