దీపావళి చప్పుళ్లు - కుక్కల బెదురుకు మందులు
(పెనుబల్లి పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభలో కుక్కల ముచ్చటేమిటని కొందరు నవ్వవచ్చును. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే, మనలో చాలామందికి ఇంట్లో తోడు అదే కదా. దీపావళి రాత్రి అది మంచం కింద దూరి వణుకుతుంది, రొప్పుతుంది, చొంగ కారుస్తుంది. తలుపు సందు దొరికితే సత్తుపల్లి రోడ్డు మీద పడి పరుగెత్తుతుంది. ఆ రోడ్డు మీద లారీల సంగతి మీకు చెప్పనక్కరలేదు.

అప్పుడు కొందరు తాము నిద్రకు వేసుకునే అల్ప్రాజోలం బిళ్ళను సగం విరిచి పెరుగన్నంలో కలిపి పెడుతున్నారు. ఇది కూడదు. ఆ మందును పశువైద్యులూ వాడతారు, నిజమే. కాని మోతాదు కుక్క బరువును బట్టి ఉంటుంది, లివరు బాగుందో లేదో చూడాలి. కొన్ని కుక్కలైతే మత్తు రాకపోగా ఇంకా రెచ్చిపోతాయి.

ఒక్క రాత్రి గడవడానికి ట్రాజోడోన్, గాబాపెంటిన్ వంటివి కూడా ఇస్తారు. బాంబులు మొదలయ్యాక కాదు, గంటా రెండు గంటల ముందే పడాలి. ఎసిప్రోమజిన్ అని పాతమందు ఒకటున్నది. అదొక్కటే ఇస్తే కుక్క కదలకుండా పడి ఉంటుంది, లోపలి భయం మాత్రం పోదు. చూసేవారికి నిమ్మళించినట్లే ఉంటుంది. నా మనసుకు అన్నిటికన్నా కష్టంగా తోచినది ఇదే.

యజమాని ఊరెళితే తిండి మాని తలుపులు గోకే కుక్కలకు వేరే మందులు. అమెరికాలో కుక్కల కోసమని క్లోమిప్రమిన్‌కు 1998లో, ఫ్లూక్సెటిన్‌కు 2007లో అనుమతి ఇచ్చారు. ఇవి రోజూ వేయాలి, గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఠక్కున ఆపరాదు. ఒంటరిగా ఉండటం కొద్దికొద్దిగా అలవాటు చేయకపోతే మందొక్కటే చాలదు కూడా. కనుక కొడుకు దగ్గరకు ఆరు నెలలు వెళ్లేవారు టిక్కెట్టు కొన్ననాడే డాక్టరును కలవాలి.

మన అడవి పక్క ఊళ్లలో గోమార్లు, పిడుదులు పోవడానికి అమిట్రాజ్ మందు పూస్తుంటాము. దానితో ఈ రెండు మందులు కలవరాదు, ప్రమాదం. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

బరువు తెలియదంటారా? కుక్కను ఎత్తుకొని కాటా మీద నిలబడండి, తరువాత మీరొక్కరే నిలబడండి. గుమాస్తాలకు ఆ తీసివేత కష్టం కాదు. పండుగకు వారం పది రోజుల ముందే పశువుల ఆసుపత్రికి వెళ్లి, వారు చెప్పిన మోతాదును చప్పుళ్లు లేని ఒక పగటిపూట వేసి చూసుకోవడం మంచిది.

సెలవు.